పక్క మంచం ఫాస్ఫరస్

ఇంకొకరి చీరలు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు, ఇళ్ళు చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారు. నేను ఒకావిడ రక్తపరీక్ష చూసి కుళ్ళుకున్నాను. అదీ ఒకరోజు కాదు, పంజాగుట్టలో ఆవిడ పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకున్నంత కాలమూ.

అప్పట్లో నేను అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర ఒక సందులో, కోచింగ్ సెంటర్లో డేటాబేస్ పాఠాలు చెప్పేదాన్ని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం డిగ్రీ పాసైన ప్రతివాడూ బ్యాగు తగిలించుకుని ఆ వీధుల్లోకే దిగుతున్న రోజులవి. క్లాసు మొదలవడానికి గంట ముందే కుర్చీలు నిండిపోయేవి. మిగిలినవాళ్ళు గోడలకు ఆనుకుని, గుమ్మంలో, మెట్ల మీద. మైకు ఉండేది కానీ నేను ముట్టుకునేదాన్ని కాదు. నా గొంతు మెట్ల దాకా దానంతటదే వెళ్ళేది. "ఆ మేడం క్లాసులో కునుకు తియ్యలేం రా" అని చెప్పుకుంటూనే పిల్లలు నా బ్యాచ్‌లో చేరేవాళ్ళు. కిడ్నీలు రెండూ మూలపడ్డాక నాకు మిగిలిన ఆస్తి ఆ గొంతొక్కటే. మా ఆయనది చిన్న ప్రైవేటు ఉద్యోగం. ఇల్లు గడవడం దగ్గర్నుంచి డయాలసిస్ దాకా నా క్లాసుల మీదే నడిచేది.

మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు డయాలసిస్. పొద్దుటి బ్యాచ్ ముగించి, వేళ్ళకంటిన మార్కరు మరక కడుక్కుని, ఆటోలో పంజాగుట్ట వెళ్ళేదాన్ని. హాల్లో రెండు వరుసల మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక మిషను. కిటికీ పక్క మంచం నాది, దాని పక్కది ఆవిడది.

ఆవిడ నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. కరెంటాఫీసులో గుమాస్తా. పుట్టిపెరిగింది పంజాగుట్టలోనే. ఇంట్లో దక్కనీ, బయట తెలుగు. రాగానే బురఖా తీసి మడిచి తలగడ కింద పెట్టుకునేది, ఒక చెయ్యి సూదులకు అప్పజెప్పి మాటలు మొదలుపెట్టేది. మొదట్లో నన్ను మేడం అంది, తర్వాత అక్కా అంది, నెల తిరక్కుండానే నువ్వు అనేసింది. నేను మాత్రం చివరిదాకా మీరు అనే అన్నాను. మా కృష్ణా జిల్లా వైపు అంత తొందరగా కలిసిపోవడం మాకు చేతకాదు.

నెలకోసారి రక్తం తీసేవాళ్ళు. ఫలితాలు వచ్చిన రోజు డాక్టరుగారు ఆ కాగితాలు పట్టుకుని మంచం మంచం దగ్గరా ఆగి పైకే చదివేవారు. స్కూల్లో మార్కులు చదివినట్టే ఉండేది. పొటాషియం, హిమోగ్లోబిన్, అక్కడిదాకా ఆవిడా నేనూ సమానమే. ఫాస్ఫరస్ దగ్గరికి వచ్చేసరికి నా మంచం ముందు ఆయన కనుబొమలు ముడిపడేవి. నాది ఎనిమిది, ఒక్కోసారి ఇంకా పైన. ఆవిడది ఎప్పుడు చూసినా అయిదు. "ఈమెను చూసి నేర్చుకోండమ్మా" అని హాలంతటికీ వినపడేలా అనేవారు. చదువుకున్నన్నాళ్ళూ ఫస్టు ర్యాంకు ఇంకొకరికి ఇవ్వనిదాన్ని నేను. నా కళ్ళముందే ఇంకొకరిని చూపించి నేర్చుకోమంటే ఒళ్ళు మండదా మరి?

ఈ ఫాస్ఫరస్ సంగతి కాస్త చెప్పాలి. పాలు, పెరుగు, పప్పులు, మాంసం, మనం ఇష్టంగా తినే ప్రతిదాంట్లోనూ ఉంటుందది. కిడ్నీలు బాగుంటే ఎక్కువైనదాన్ని అవే బయటికి పంపించేస్తాయి. మిషను ఒంట్లో నీళ్ళని లాగినంత తేలిగ్గా దీన్ని లాగలేదు. అందుకని తిండి తగ్గించుకోవాలి, తినేటప్పుడు తిండితోపాటు గోలీ వేసుకోవాలి. సుద్దముక్క లాంటి ఆ గోలీ తిండిలోని ఫాస్ఫరస్‌ని కడుపులోనే పట్టేసి, రక్తంలోకి పోనివ్వకుండా తనతో బయటికి తీసుకుపోతుంది. అలా పోకపోతే మొదట దురద. అది గోకితే తీరే దురద కాదు. పాఠం చెబుతూ చెబుతూ బల్ల అంచుకి వీపు రాసుకునేదాన్ని, పిల్లలు చూసీ చూడనట్టు తలొంచుకుని రాసుకునేవాళ్ళు. దురదతో పోతే బాగానే ఉండేది. మెడలో చిన్న చిన్న గ్రంథులుంటాయట. రక్తంలో ఫాస్ఫరస్ పెరిగితే అవి రెచ్చిపోయి ఎముకల్లో ఉన్న కాల్షియాన్ని తోడేస్తాయట.

ఒక శుక్రవారం డాక్టరుగారు నా మంచం దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు నిలబడ్డారు.

"ఇంకో మూడు నెలలు చూస్తానమ్మా. ఫాస్ఫరస్ దిగి ఆ గ్రంథులు చల్లబడితే సరే. లేకపోతే మెడకు ఆపరేషన్ చేసి వాటిని తీసేయాల్సిందే."

"గొంతుకేమీ కాదు కదండీ?" అన్నాను.

"మామూలుగా ఏమీ కాదు. గొంతు నరం ఆ పక్కనుంచే పోతుంది కాబట్టి కొందరికి బొంగురుపోతుంది. చాలామందికి మళ్ళీ వచ్చేస్తుంది."

రాని మిగతావాళ్ళ సంగతి ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నా క్లాసుకి మైకు పెట్టి, దాంట్లో నేను గుసగుసలాడుతున్నట్టు, పిల్లలు ఒక్కొక్కరే లేచి పక్క సెంటరుకి పోతున్నట్టు కళ్ళకు కట్టింది.

"ఫికర్ చెయ్యకక్కా, దిగుతది" అంది ఆవిడ పక్కనుంచి.

అయిదు తెచ్చుకునేవాళ్ళకి ఫికరెందుకుంటుంది అనుకున్నాను.

ఇంటికెళ్ళి యుద్ధం ప్రకటించాను. చేపలు బంద్. గుడ్లు బంద్. అన్నంలోకి పప్పు బంద్. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించేదాన్ని. వంకాయకీ బెండకాయకీ రుచిలో తేడా లేకుండా పోయింది. పెరుగు రెండు చెంచాలు, అదీ మా ఆయన ఎదురుగా కూర్చుని వడ్డిస్తేనే. ఆయన నాకు తోడుగా ఆ చప్పిడి కూడే తిన్నాడు పాపం, నెల తిరిగేసరికి ప్యాంట్లు వదులయ్యాయి. రెండు పూటలా భోజనంలో ఠంచనుగా గోలీలు. ఇంత చేసి వెళితే నా నంబరు ఎనిమిదిన్నర అయి కూర్చుంది. ఆవిడది అయిదే.

"నిన్న ఏం తిన్నారేంటి?" అని అడిగాను, మామూలుగా అడిగినట్టు.

"నిన్ననా? మా భాయ్ ఇంట్ల దావత్ ఉండె. బగారన్నం, మటన్. మస్తు తిన్నక్కా."

ఒకటి రెండు ముక్కలు రుచి చూశానంటే సర్దుకునేదాన్ని. మస్తు తిన్నదట. అసలు మా ఇద్దరి రక్తాలూ ఎక్కడో తారుమారవుతున్నాయని నాకు గట్టి అనుమానం వచ్చింది. తర్వాతి నెల రక్తం తీస్తున్నప్పుడు సీసా మీద నా పేరు అంటించేదాకా నర్సు చెయ్యి వదల్లేదు. ఆ పిల్ల నవ్వాపుకోలేక పక్కకి తిరిగింది. పేరు సరిగానే ఉంది, నంబరూ నాదే.

అలాగని ఆవిడ కూడా పెద్ద సాధువేం కాదు, నా మీద ఆవిడకీ ఒక కుళ్ళు ఉండేది. నాకు ఇంకా కాస్తో కూస్తో ఒంటేలు అయ్యేది, ఆవిడకు పూర్తిగా ఆగిపోయింది. కాబట్టి నాకు రోజుకి లీటరు దాకా నీళ్ళు తాగే వీలుంది, ఆవిడ అందులో సగం కూడా తాగకూడదు. ఎండాకాలంలో నేను సీసా మూత తిప్పితే చాలు, ఆవిడ మాట మధ్యలో ఆపేసి నా గొంతు వంకే చూసేది. "నీకేందక్కా, నసీబున్నదానివి" అనేది. నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. దాహం లేకపోయినా ఒక గుటక ఎక్కువే తాగేదాన్ని.

డాక్టరు ఇచ్చిన గడువు అలా కరిగిపోతుండగా, ఒక శుక్రవారం మాటల్లో ఉపవాసాల ప్రసక్తి వచ్చింది. రంజాన్ వస్తోందని, ఈసారి కూడా రోజా ఉండొద్దని డాక్టరు కోప్పడ్డారని ఆవిడ దిగులు పడింది. నేను వదుల్తానా? కనీసం భక్తిలోనైనా పైచెయ్యి నాదే కావాలి కదా.

"నేను మాత్రం ఏ శనివారమూ మానలేదండీ. రాత్రి అన్నం ముట్టను. వెంకటేశ్వరస్వామికి మొక్కు" అన్నాను.

"అబ్బ. మరి ఆకలైతె?"

"పలహారం చేస్తాం కదా. మినపట్లు, లేకపోతే పెసరట్లు. పైన కాస్త పెరుగు."

"గోలి యాడ వేసుకుంటవ్, అట్ల నడుమనా?"

"ఉపవాసం రోజు గోలీ ఎందుకండీ?"

ఆవిడ తల తిప్పి నా వంక చూసింది. "అట్లు తిన్నవ్ గదక్కా."

"అది పలహారం. భోజనం కాదు."

"మరి పొద్దుగాల?"

"పొద్దున్న టిఫినే కదా తినేది. ఇడ్లీయో పెసరట్టో."

"దానికి సుత గోలి లేదా? సాయంత్రం చాయ్, బిస్కెట్, బజ్జీ?"

"చాయ్ తాగడం తిండి కిందికొస్తుందా ఏంటి?"

అంతే, పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి సూదులున్న చెయ్యి కదిపేసింది, మిషను కుయ్యోమని మొత్తుకుంది, నర్సు పరిగెత్తుకొచ్చి చెయ్యి సర్ది ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. అటువైపు వరుసలో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "అక్కా, నీ కడుపుల పప్పు పడ్డదంటె అది టిఫినా, బువ్వనా అని ఫాస్ఫరస్ అడుగుతదా?" అంది. తను అర బిస్కెట్టు తిన్నా గోలీ ముక్క విరిచి వేసుకుంటుందట. దావత్‌లో మటన్‌కైతే ముద్దకీ ముద్దకీ మధ్య నమిలేస్తుందట, డాక్టరుని అడిగి మరీ.

నాకు నవ్వు రాలేదు. చెంపలు వేడెక్కాయి. మా ఇంట్లో పుట్టినప్పటినుంచీ తిండి అంటే కంచం ముందు కూర్చుని కలుపుకునే అన్నం. పొద్దున్న నాలుగు ఇడ్లీలు తిని "ఇంకా ఏమీ తినలేదు" అనడం మా అందరికీ అలవాటే. మా అమ్మ ఉపవాసమంటూ ఆరు అట్లు తినేది, మేమెవరం దాన్ని వింతగా అనుకోలేదు. పైగా భోజనంలో పప్పు మానేసినందుకు ఆకలేసి, బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య కిందికి దిగి నేను తింటున్న మిరపకాయ బజ్జీలు రెండు నుంచి నాలుగయ్యాయి. అన్నీ శనగపిండే. గోలీలన్నీ ఏమో ఉడికి ఉడికి సారం పోయిన బెండకాయల మీద వేస్తున్నాను.

ఆ మాట డాక్టరు చెప్పి ఉంటే దణ్ణం పెట్టేదాన్ని. మా ఆయన చెప్పినా సర్దుకునేదాన్ని. వెళ్ళి వెళ్ళి ఆవిడే కనిపెట్టాలా? ఆవిడ చెప్పినట్టు చేసి నా నంబరు దిగితే ఆ గొప్ప కూడా ఆవిడ ఖాతాలోకే పోతుంది కదా. ఆ కోపంతో శనివారం రాత్రి గోలీల పట్టీని పక్కన పెట్టేసి మొదటి అట్టు సగం తినేశాను. అప్పుడు గొంతు గుర్తొచ్చింది. లేచి పట్టీ తెచ్చుకుని, ఆవిడని తిట్టుకుంటూనే గోలీ నమిలాను.

మంగళవారం డాక్టరుకి నా తిండంతా, బజ్జీలతో సహా, ఏకరువు పెట్టాను. ఆయన నెత్తి పట్టుకున్నారు. గోలీలు పెంచలేదు. ఉన్నవాటినే తినే తిండిని బట్టి పంచారు, చప్పిడి భోజనానికి తక్కువ, టిఫినుకి ఎక్కువ. బజ్జీలు మానమన్నారు. పప్పు మాత్రం కొద్దిగా తినమన్నారు, మరీ ఎండిపోతున్నానట. మా ఆయన ఆ సాయంత్రం చారెడు కందిపప్పు వేసి పప్పుచారు కాచుకుని తిన్న తీరు ఇప్పటికీ కళ్ళముందుంది.

ఇక చివరి పరీక్ష మిగిలింది. దాని కోసం నేను ఎదురుచూసిన తీరు వేరు. ఆపరేషన్ తప్పాలి, సరే. కానీ డాక్టరు నా మంచం దగ్గర నిలబడి అయిదు అని చదువుతుంటే పక్క మంచం ఆవిడ వినాలి. నాలుగున్నర అయితే ఇంకా మంచిది.

ఆ పరీక్షకి ముందే ఆవిడ కబురు తెచ్చింది. అన్న కిడ్నీ ఇస్తున్నాడు. పరీక్షలన్నీ కలిశాయి. బంజారా హిల్స్‌లో పెద్దాసుపత్రిలో ఆపరేషన్.

ఆ అన్నను నేను చాలాసార్లు చూశాను. ఎప్పుడూ స్కూటరు మీద దింపి, తిరిగి తీసుకెళ్ళే మనిషి. ఆ రోజు లోపలికొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి సరిచేస్తూ, ఏదో అంటే ఆవిడ అతని నెత్తిన మొట్టింది. నేను కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. ఫాస్ఫరస్ మీది కుళ్ళు దీని ముందు ఏపాటిది? మా ఆయన రక్తం గ్రూపు నాకు కలవలేదు. మా అమ్మకి షుగరు. నేను ఒక్కతే సంతానం. నాకు ఒక అన్నయ్యో తమ్ముడో ఎందుకు లేడని మా అమ్మ మీద కోపం వచ్చింది, పుట్టనివాడి మీద కూడా వచ్చింది. ఆవిడకి అయిదూ ఉంది, అన్నా ఉన్నాడు. అన్నీ ఆవిడకే ఎందుకుండాలి అనిపించింది, ఆ మాట నోట్లో తిప్పుకుంటూ మిషను ఆగేదాకా కళ్ళు తెరవలేదు.

ఆఖరి రోజు వెళ్ళేముందు ఆవిడ నా మంచం దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నీ పరీక్షేమైతదో అక్కా, నా పానమంత గా దాని మీదనే ఉన్నది" అంది.

"కంగ్రాచ్యులేషన్స్ అండీ" అన్నాను, ఇంటర్వ్యూలో నెగ్గొచ్చిన కుర్రాడికి చెప్పినట్టు.

పరీక్ష ఫలితం వచ్చింది. ఫాస్ఫరస్ అయిదుంబావు. గ్రంథులు కూడా చల్లబడ్డాయి. "ఆపరేషన్ మాట ఇప్పటికి మర్చిపోండమ్మా" అన్నారు డాక్టరుగారు, హాలంతా వినపడేలా. నేను వెంటనే పక్కకి తిరిగాను. పక్క మంచం మీద ఎవరో ముసలాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆయనకి నా నంబరుతో ఏం పని? ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు, మిఠాయి తెస్తానని లేచి, మళ్ళీ నాకు కుదరదని గుర్తొచ్చి కూర్చున్నాడు. సంతోషించాను. కానీ గెలిచినట్టు లేదు.

కొన్నాళ్ళకు సెంటర్లో రెండు బ్యాచ్‌ల మధ్య ఖాళీ గదిలో కూర్చుని ఉంటే సెల్‌ఫోన్ మోగింది. ఆవిడే. ఇంటికి వచ్చేసిందట, జబ్బులంటుకుంటాయని ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదట.

"అక్కా, జర మాట్లాడు."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదన్న మాట్లాడు. నీ గొంతెట్లుందో చూస్తున్న. కోసిన్రా?"

"లేదండీ. ఫాస్ఫరస్ దిగింది. ఆపరేషన్ వద్దన్నారు."

వెంటనే ఫోను పక్కకి పెట్టి వాళ్ళన్నకి దక్కనీలో కేకేసింది, "భాయ్, అక్కాకు ఆపరేషన్ నక్కో బోలే" అని. మళ్ళీ ఫోనులోకి వచ్చేసరికి ముక్కు చీదుతోంది. నా గొంతు నిలబడిందని ఆవిడ ఏడుస్తోంది. ఆవిడకు కిడ్నీ వచ్చిందని తెలిసిన రోజు నేను కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్ళు పుట్టింది, ఏం చెయ్యను.

"మీకెలా ఉంది?" అన్నాను.

"మంచిగనే ఉన్న. నీళ్ళు తాగుతున్నక్కా, చెంబులకు చెంబులు. ఒక్కటే తక్లీఫ్. నాకు ఫాస్ఫరస్ తక్కువైందంట."

"ఏంటి?"

"అవునక్కా. కొత్త కిడ్నీ ఉన్నదంత బయటికి పంపిస్తుందంట. కొన్ని దినాలు గిట్లనే ఉంటదంట. పాలు తాగు, గుడ్లు తిను, పల్లీలు తిను అని రోజు గొడవ. ఎట్ల తాగాలె? గిన్ని ఏండ్లు గవి చూస్తేనే భయపడ్డ గదా. గ్లాస్ నోటికాడికి పోతలేదు. ఇప్పుడు సుత ముందల పెట్టుకొని కూర్చున్న. భాయ్ కొట్లాడుతుండు, ఇచ్చిన కిడ్నీ వాపస్ తీసుకుంట అంటుండు."

పాలు. గ్లాసెడు పాలు ఎదురుగా పెట్టుకుని తాగలేకపోతోందట. మీగడ కట్టిన పాలు ఎలా ఉంటాయో నా నాలుక మర్చిపోయింది. రెండు చెంచాల పెరుగు కోసం నేను గోలీ నములుతున్నాను. ఈ లోకంలో ఎవరి మీదా, ఎప్పుడూ పడనంత అసూయ ఆ క్షణంలో ఆవిడ మీద పడ్డాను.

"గ్లాసు చేతిలోకి తీసుకోండి" అన్నాను.

"అక్కా..."

"తీసుకోండి." అది క్లాసులో గొంతు. బయట మెట్ల మీద తర్వాతి బ్యాచ్ కోసం కూర్చున్న పిల్లలు కూడా మాటలాపేశారు.

"తీసుకున్న."

"తాగండి. నేను ఇక్కడ వింటూ ఉంటాను. మధ్యలో ఆపారంటే ఊరుకోను."

మొదటి గుటక వినిపించింది. తర్వాత కాస్త ఆగి రెండోది. ఫోను చెవికేసి నొక్కుకుని ఒక్కొక్కటే విన్నాను. ప్రతి గుటకకీ నా కడుపు మండింది, నా నోట్లో నీళ్ళూరాయి. ఆవిడ ఆగినప్పుడల్లా "ఊఁ, ఇంకా ఉంది, తాగండి" అన్నాను. గ్లాసు కింద పెట్టిన చప్పుడయింది.

"అయిపోయిందక్కా" అంది.

"రేపు కూడా ఇదే టైముకి ఫోన్ చెయ్యండి" అన్నాను.